మచ్చ ఒకటి, ఎడమ అంచు

ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియనివాళ్లు కావాలని, నా కింద పనిచేసే నస్రీన్ మదనపల్లె బస్టాండులో కాగితాలు అంటించి వచ్చిన రోజు నేను ఆమె మీద కొంచెం విసుక్కున్నాను. అబ్జర్వేటరీ పేరు కింద అలాంటి ప్రకటన బాగుండదన్నాను. అలాంటివాళ్లు సిగ్గుపడతారు, ఎవరూ రారన్నాను.

పద్నాలుగు మంది వచ్చారు.

ఈ కొండమీద ముప్పై ఒక్క ఏళ్లుగా నా పని ఆకాశానికి రంగులు వెయ్యడం. దూరదర్శిని తీసే బొమ్మలన్నీ మొదట నలుపు తెలుపులోనే ఉంటాయి. ఒక ఫిల్టరు పెడితే హైడ్రోజన్ వెలుగు మాత్రమే పడుతుంది, ఇంకోటి పెడితే ఆక్సిజన్ వెలుగు. దానికొక రంగు, దీనికొక రంగు ఇచ్చి, ఒకదాని మీద ఒకటి పరిచి, జనం చూసేలా తయారు చేస్తాను. అయ్యాక రంగు పత్రం రాయాలి. ఏ వెలుగుకి ఏ రంగు ఇచ్చామో, బొమ్మలోంచి ఏమేమి తీసివేశామో అందులో చేతిరాతతో రాసి సంతకం పెడితే తప్ప ఏ బొమ్మా కొండ దిగదు. ఇది మా దగ్గర మొదటినుంచీ ఉన్న పద్ధతి.

నాకు పేరు తెచ్చింది కలువ నీహారిక. ఎర్రటి రేకుల మధ్య లేత పచ్చటి కాంతితో ఉండే ఆ వాయువుల మేఘం బొమ్మ క్యాలెండర్లకెక్కింది, స్కూలు పుస్తకాల్లోకి వెళ్లింది, మా కొండ కింద స్వాగత ద్వారం మీద ఇప్పటికీ ఉంది. ఆ రంగులు అంత నిండుగా కనబడడానికి నేనొక పని చేశాను. ఎరుపు, పచ్చ రెండింటి వెలుగునీ ఒకే మోతాదుకి తెచ్చాను. ఎక్కువున్న చోట తగ్గించి, తక్కువున్న చోట పెంచాను. మా వాళ్లు దాన్ని సమం చెయ్యడం అంటారు. చేయి తిరిగినవాళ్లే చెయ్యగలరని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

నస్రీన్ ఆ పద్నాలుగు మందికీ ముందు ఆ బొమ్మే చూపించింది. వాళ్లలో ఒక ఎలక్ట్రీషియను చాలాసేపు చూసి, ముగ్గుపిండి ఒలికినట్టుంది మేడం, ఇంతేనా అన్నాడు. మిగతావాళ్లు కూడా అటూ ఇటూగా అదే మాట అన్నారు.

సాయంత్రం ఆమె నా గదికి వచ్చి చాలా నెమ్మదిగా చెప్పింది.

"వాళ్ల కళ్లలో లోపం సగమే సార్. మిగతా సగం బొమ్మలో ఉంది. రంగు తప్ప ఇంకే తేడా మిగల్చలేదు మనం."

ఆ బొమ్మ చేసినప్పుడు నస్రీన్ ఒకటో తరగతి చదువుతూ ఉండి ఉంటుంది. అయినా 'మీరు' అనకుండా 'మనం' అంది.

ఆమె రెండేళ్లుగా తయారు చేస్తున్నది ఒక గాజు పలక. నీరుగట్టుపల్లెలో మగ్గాల వీధిలో పెరిగిన పిల్ల. రెండు రంగుల పట్టు బట్టని కాస్త వంచితే మెరుపు దారి మారడం చిన్నప్పటినుంచీ చూసింది. ఆ పలక లోపల కంటికి కనబడనంత సన్నటి రేకులున్నాయి. ఏ వాయువు వెలుగు పడితే ఆ తీరుగా అవి తిరుగుతాయి. చూసేవాడి తల ఒక్క రవ్వ కదిలితే చాలు, హైడ్రోజన్ ఉన్నచోట మెరుపు అడ్డంగా జారుతుంది, ఆక్సిజన్ ఉన్నచోట నిలువుగా లేస్తుంది. రంగు అన్నదే ఉండదు. దానికి మేం నేతపలక అని పేరు పెట్టుకున్నాం.

అయితే దానికి నేను చేసిన బొమ్మ పనికిరాదు. నేను ముట్టుకోకముందున్న అసలు ఫైళ్లు కావాలి. నస్రీన్ అడిగితే, పాత టేపుల్లో ఎక్కడో ఉన్నాయి, వెతకాలి అన్నాను. అవి నా బీరువాలో మూడో సొరుగులో ఉన్నాయి. మూడు రోజులు అలాగే గడిపి నాలుగో రోజు ఇచ్చాను. ఎందుకు దాచానో ఆమె అడగలేదు.

ఆ వారంలోనే మునిరత్నం వచ్చాడు.

మునిరత్నం నా భార్య దాక్షాయణి తమ్ముడు. మదనపల్లె టమాటా మార్కెట్టులో కాయలు రకాలుగా విడదీసే పని చేస్తాడు. దాక్షాయణి పోయి మూడేళ్లయినా, ప్రతి ఆదివారం పొద్దున మా ఇంటి అరుగు మీద ఒక పెట్టె టమాటాలు పెట్టి, వంటామె వచ్చిందా, బీపీ మాత్ర వేసుకున్నావా అని రెండు మాటలడిగి వెళ్తాడు. కానీ కొండ ఎక్కడు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా ఎక్కలేదు. మార్కెట్టు బయట టీ కొట్టులో నస్రీన్ అంటించిన కాగితం చూసి వచ్చాడట.

నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. అతను నన్ను చూసి తల ఊపి, పలక ముందు కూర్చున్నాడు. పది నిమిషాలు తల కొంచెం అటు, కొంచెం ఇటు తిప్పుతూ చూశాడు. అడ్డంగా జారేది ఒక గాలి, నిలువుగా లేచేది ఇంకో గాలి, అంతేనామ్మా అని తనే అడిగాడు. నస్రీన్ అప్పటికి ఇంకా ఏమీ చెప్పలేదు. తర్వాత పలక ఎడమ అంచు దగ్గర అతని వేలు ఆగింది. గాజుకి తగలకుండా ఒక రవ్వ ఎత్తులో ఆగింది.

"ఈడ సన్నగా ఒక వంపు ఉండాదమ్మా. గోరు కత్తిరించి పెట్టినట్టు. ముందు కూడా ఇట్లనే ఉన్నింది."

"ముందు ఎప్పుడు చూశారు మీరు?" అంది నస్రీన్.

"ఎప్పుడో ఒకసారి చూపించినార్లే."

అతను వెనక్కి తిరగలేదు. ఇచ్చిన టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, లోడు ఎక్కించాల్సి ఉంది, పోయొస్తా బావా అని దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున నా బల్ల మీద కలువ నీహారిక రంగు పత్రం ఉంది. నస్రీన్ పాత కట్టల్లోంచి తీసి, ఎవరూ లేని వేళ చూసి పెట్టి వెళ్లింది. 'తీసివేసినవి' అన్న గడిలో నా చేతిరాత. మచ్చ ఒకటి, ఎడమ అంచు. కింద సంతకం, తేదీ.

మధ్యాహ్నం ఆమె వచ్చి, అది మచ్చేనని ఎలా తేల్చుకున్నారు సార్ అని అడిగింది. కటకంలో ప్రతిబింబం అయి ఉంటుందన్నాను. ఆమె తల ఊపింది. ప్రతిబింబం అయితే రెండు ఫిల్టర్లలో రెండు చోట్ల పడాలని మా ఇద్దరికీ తెలుసు. వంపు రెండింట్లోనూ ఒకే చోట ఉంది.

నాలుగు రోజులు లెక్కలు వేసి అదేమిటో ఆమే తేల్చింది. ఎప్పుడో ఒక నక్షత్రం పేలింది. ఆ పేలుడు వెలుగు చుట్టూ ఉన్న దుమ్ము మీదుగా పాకుతూ పోతుంది. వీధిలో లారీ మలుపు తిరిగితే దాని దీపాల వెలుగు మన గోడ మీద ఒకసారి జారిపోతుంది చూడండి, అలాగ. ఆ జారే వెలుగుని పట్టుకుని నాలుగైదేళ్లు వెంబడిస్తే, ఆ నక్షత్రం ఎలా చనిపోయిందో చెప్పవచ్చు. నస్రీన్ అడిగి మరీ మా పెద్ద దూరదర్శినిని ఆ వైపు తిప్పించింది. అక్కడ ఏమీ లేదు. దాటిపోయి పదేళ్లు పైనే అయి ఉంటుందంది.

"ఆ రోజే ఎవరైనా ఇంకోసారి చూసి ఉంటే..." అని నా మొహం చూసి ఆపేసింది. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

డైరెక్టర్ గారు మాత్రం సంబరపడ్డారు. పాత ఫైల్లో దొరికిన కొత్త సంగతి, పైగా నేతపలక గొప్పదనం అంటూ, నెలాఖరున నా పదవీ విరమణ సభలోనే ప్రకటిద్దామన్నారు. వంపు కనుగొన్నవారిగా నా పేరు ముందు, నస్రీన్ పేరు తర్వాత. అప్పట్లో మచ్చ అనుకోవడం ఎవరికైనా సహజమేనండీ అని నా భుజం తట్టారు. నేను తల ఊపాను. ఊపానని రాయడానికి ఇప్పుడు చేయి ఆగుతోంది గానీ, ఊపాను.

ఇక ఇరవై రెండేళ్ల కిందటి సంగతి చెప్పాలి.

మునిరత్నం అప్పుడు బీఎస్సీ ఫిజిక్సు ఫస్టు క్లాసులో పాసయ్యాడు. మా బొమ్మల విభాగంలో అసిస్టెంటు ఉద్యోగం పడింది. వాడికి రంగులు సరిగ్గా తెలియవు గానీ చూపు మంచిది, ఒకసారి చూడండి అని దాక్షాయణి అడిగింది. ఆమె నన్ను ఏదైనా అడగడం తక్కువ. ఇంటర్వ్యూ రోజు పొద్దున, వాళ్ల నాన్న చేలో మొదటి కోత టమాటాలు ఒక సంచిలో వేసి, మీ ఆఫీసులో అందరికీ ఇవ్వండి అని నా చేతికిచ్చింది.

ఇంటర్వ్యూలో నేను మునిరత్నానికి కలువ నీహారిక అసలు బొమ్మలు, ఇంకా రంగు వెయ్యనివి, చూపించాను. అందరూ తడబడేచోట అతను తడబడలేదు. దుమ్ము ఏదో నక్షత్రం ఏదో చెప్పాడు. ఎడమ అంచున వంపు ఉందన్నాడు. అక్కడున్న నలుగురికీ కనబడలేదు. నేను సగం పూర్తి చేసిన రంగు బొమ్మ తీసి, ఇందులో చూపించు అన్నాను. చాలాసేపు చూసి, దీంట్లో లేదు బావా, అంతా ఒకటే బూడిద, నువ్వు మెత్తేసినావు అన్నాడు.

పెద్దవాళ్ల ముందు బావా అన్నందుకో, మెత్తేసినావు అన్నందుకో తెలియదు. నా ఒళ్లు మండింది. సంచిలోంచి రెండు టమాటాలు తీశాను. ఒకటి పండు, ఒకటి పచ్చికాయ. బల్ల మీద పెట్టి ఏది పండో చెప్పమన్నాను. అతను అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు.

"తాకకుండా చెప్పు" అన్నాను.

చెయ్యి మధ్యలో ఆగిపోయింది. అతను ఒకదాన్ని చూపించాడు. అది పచ్చికాయ. ఎవరో నవ్వారు. ఒకరు నవ్వితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టమాటా ఎరుపు తెలియనివాడు ఆకాశం ఎరుపు చూస్తాడట అన్నాను. మునిరత్నం సర్టిఫికెట్లు సర్దుకుని, అందరికీ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆ ఉద్యోగం ఇంకెవరికో వచ్చింది.

మర్నాడు ఎవరూ రాకముందు నేను అసలు బొమ్మలు తీసి ఎడమ అంచు చూశాను. అతను చెప్పినచోట వంపు ఉంది. సన్నగా, కత్తిరించిన గోరులా ఉంది. దాన్ని అలాగే ఉంచి రంగు బొమ్మలో కూడా కనబడేలా చెయ్యవచ్చు. చేస్తే, నిన్న అతను చెప్పింది నిజమని నలుగురికీ చెప్పాలి. నేను దాన్ని చుట్టూ ఉన్న వెలుగుతో సమం చేసి, పత్రంలో మచ్చ అని రాసి సంతకం పెట్టాను. తేదీ ఇంటర్వ్యూ మర్నాటిది.

సాయంత్రం ఇంటికి వెళ్తే దాక్షాయణి, తమ్ముడికి ఉద్యోగం ఎందుకు రాలేదని అడగలేదు. పోటీ ఎక్కువగా ఉంది అని నేనే చెప్పాను. ఆమె అన్నం వడ్డించింది. తర్వాత ఆ బొమ్మ చట్రం కట్టించి హాల్లో పెడదామంటే మాత్రం, గోడకి మేకులు కొట్టొద్దంది. ఆమెకి బొమ్మల మీద ఇష్టం లేదనుకున్నాను.

సభ రెండు రోజులుందనగా, రంగు పత్రం కవర్లో పెట్టుకుని పొద్దున్నే మార్కెట్టుకి వెళ్లాను. నేను ఆ ఊళ్లో ఇన్నేళ్లుండి ఎన్నడూ లోపలికి వెళ్లలేదు. వేలం సగం అయింది. ఎటు చూసినా ప్లాస్టిక్ పెట్టెలు, వాటి నిండా కాయలు, కాలి కింద చితికిన పళ్ల తడి. షెడ్డు చివర పెద్ద కుప్ప ముందు మునిరత్నం, నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఏరుతున్నారు. ఆడవాళ్లు కాయని చూసి వేస్తున్నారు. అతను చూడడం లేదు. ఎవరితోనో మాట్లాడుతూనే కాయ అందుకుని, తొడిమ దగ్గర బొటనవేలు ఆనించి, మూడు పెట్టెల్లో ఒకదాంట్లో వేస్తున్నాడు. చెన్నై వెళ్లే సరుకు మునిరత్నం చెయ్యి పడితే దారిలో చెడదని వ్యాపారులు అంటారని తర్వాత తెలిసింది.

"మామా, మీ బావ ఆకాశం వదిలిపెట్టి టమాటాలకి దిగినాడు చూడు" అంది వాళ్లలో ఒకామె.

"దిగనీలే. ఆడ ధర లేనట్టుండాది" అన్నాడు మునిరత్నం. లేచి, ఒక పెట్టె బోర్లించి నాకు కూర్చోడానికి వేశాడు. దాని మీద తన తువ్వాలు పరిచాడు.

నేను కవరు తీశాను. ముందు రాత్రంతా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. పత్రం అతని చేతికిచ్చి ఆ గడి చూపించాను. చేతులు తుడుచుకుని చదివాడు. తేదీ దగ్గర ఆగాడు.

"ఇది ఆ మర్నాడు కదా బావా."

"అవును."

"అంటే నీకూ కనపడినట్టే."

"కనపడింది. మచ్చ కాదేమోనని అనుమానం కూడా వచ్చింది. ఇంకోసారి చూడలేదు. చూస్తే నువ్వు చెప్పింది నిజమవుతుందని చూడలేదు."

అతను ఆ గడి మీద వేలు పెట్టి ఇంకోసారి చదివాడు. షెడ్డు అవతల ఎవరో వేలం పాట పెంచుతున్నారు. కాసేపటికి, ఇప్పుడు యాడుండాది అది అని అడిగాడు. లేదని చెప్పాను. దాటిపోయిందని, ఇక ఏ దూరదర్శినికీ కనబడదని, అది అక్కడున్నప్పుడు చూసింది మనిద్దరమేనని, అందులో ఒకడు చెరిపేశాడని చెప్పాను.

"యాలకి పట్టుకోనుంటే పనికొచ్చేదా?"

"చాలా."

మునిరత్నం పత్రం మళ్లీ నా చేతికిచ్చాడు. తిట్టి ఉంటే బాగుండునని నాకనిపించింది.

నేను పెన్ను తీసి, 'మచ్చ ఒకటి' అన్న మాటలు కొట్టేసి, పైన రాశాను. వంపు ఒకటి. మొదట చూసినవారు మునిరత్నం, బీఎస్సీ. ఇంటర్వ్యూ నాటి తేదీ వేశాను. కింద, తెలిసి చెరిపినవారు పద్మనాభం అని రాసి సంతకం పెట్టాను. ఎల్లుండి సభలో దీన్నే చదువుతాను, ఆ బల్ల మీద జరిగింది కూడా చెబుతాను, నువ్వు రావాలి అన్నాను.

"బీఎస్సీ అని రాసినావే. ఇంట్లో ఆ సర్టిఫికెట్టు యాడుండాదో నాకే తెలీదు" అన్నాడు. చిన్నగా నవ్వి, మళ్లీ నవ్వు ఆపుకుని, "అక్కకి తెలుసు బావా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మీ ఆఫీసులో టీ ఇచ్చే ఆయమ్మ ఆ వారమే అక్కకి చెప్పింది. అక్క ఈడికే వచ్చింది, ఈ షెడ్డుకే. అప్పుడే చేరినా నేను. నువ్వు మా ఇంటికి రావడం మానొద్దు, మానితే నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోతాది, ఆయన తట్టుకోలేడు అనింది. ఒక పెట్టె తానే ఎత్తుకోని పోయింది. ఆ పై వారం నుంచి నేనే తెచ్చినా."

ఇరవై రెండేళ్ల ఆదివారాలు. అరుగు మీద ప్రతిసారీ ఒకే ఈడు కాయలు, ఒక్కటీ పచ్చి ఉండేది కాదు, ఒక్కటీ మగ్గిపోయింది ఉండేది కాదు. మార్కెట్టులో ఎవరి చేతనో ఏరించి తెస్తున్నాడనుకునేవాణ్ని. దాక్షాయణి వాటితో పప్పు చేసి నాకు పెట్టేది. తినేటప్పుడు నా ఎదురుగా కూర్చుని, ఇంకొంచెం వెయ్యనా అని అడిగేది. ఆమెకి అన్నీ తెలుసు. తెలిసి అడిగేది.

నేను తల ఎత్తలేకపోయాను. పక్కనున్న ఆడవాళ్లు ఏరడం మానకుండానే చూపు అవతలికి తిప్పుకున్నారు. ఒకామె మంచినీళ్ల సీసా నా కాలి దగ్గరికి జరిపింది.

కాసేపటికి మునిరత్నం కుప్పలోంచి రెండు కాయలు తీసి నా ముందు పెట్టాడు. రెండూ ఎర్రగా, ఒకే పరిమాణంలో, అచ్చం ఒకలాగే ఉన్నాయి. అంత మంచి కళ్లతో ఎంత చూసినా నాకు ఏ తేడా కనబడలేదు.

"ఒకటి రేపటికి అయిపోతాది. ఒకటి చెన్నై దాకా పోయి మూడు దినాలు ఉంటాది. చెన్నైకి పోయేది ఏదో చెప్పు బావా."

నేను వంగి రెండింటినీ ఇంకా దగ్గరగా చూశాను.

"తాకి చూడు" అన్నాడు మెల్లగా. "తాకొచ్చు."

రెండింటినీ చేతుల్లోకి తీసుకున్నాను. అతను చేసినట్టే తొడిమ దగ్గర బొటనవేలు ఆనించాను. పొద్దుటి చల్లదనం ఇంకా వాటి మీదుంది. చాలాసేపు పట్టుకుని, చివరికి కుడిచేతిలోది చూపించాను.

తప్పు చెప్పాను. మునిరత్నం నవ్వలేదు.